వదిన ఆవిరి కేకు

పోయిన నెల ప్లేనోలో మా ఇంటి ఓవెన్ చచ్చిపోయింది. ఎప్పుడు పోయిందో ఖచ్చితంగా చెప్పలేను. కాలేజీ సెలవలకి ఇంటికొచ్చిన మా అమ్మాయి, స్నేహితురాలి పుట్టినరోజుకి కేక్ చేస్తానని దాని తలుపు తీసేదాకా ఆ మరణవార్త మాకెవరికీ తెలియలేదు. తెలిసే దారి కూడా లేదు. మన ఇళ్ళల్లో ఓవెన్‌ని మూకుళ్ళు దాచుకునే బీరువాగా వాడతాం గానీ, దాన్ని వెలిగించి అవమానించం. అమ్మాయి తలుపు తీయగానే ఏళ్ళ తరబడి ఊపిరాడక నలిగిపోయిన అట్లపెనం ముందు బయటికి దూకింది. దాని వెనకాల ఒక పెద్ద మూకుడు, దాని కడుపులో ఇంకో మూకుడు, దాని కడుపులో మరొకటి, చిట్టచివర మేము ఎన్నడూ కొన్న గుర్తులేని ఒక జంతికల గొట్టం. రిపేరుకి వచ్చిన పెద్దమనిషి వంటింటి నేలంతా పరుచుకున్న ఆ సైన్యాన్ని చూసి, ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని చాలా మర్యాదగా అడిగాడు. తర్వాత లోపలికి తల దూర్చి, పార్ట్ రావడానికి మూడు వారాలు పడుతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

"అమ్మా, పార్టీ సాటర్డేనే. నేను కేక్ తెస్తానని ప్రామిస్ చేశాను," అంది అమ్మాయి ఏడుపు మొహంతో.

"దానికి ఓవెనెందుకే? స్టవ్ మీద ఆవిరి పెడదాం."

"ఆవిరి? లైక్, ఇడ్లీలాగా? కేక్‌ని స్టీమ్ చేస్తావా? నీకు ఎవరు నేర్పించారు?"

"మీ అత్త."

"ఏ అత్త? నాకు తెలిసిన అత్త ఎవరూ కేక్ చెయ్యరు కదా."

నేను మైదా డబ్బా కోసం వెతుకుతున్నట్టు అల్మరాలో తల పెట్టాను. అక్కడ ఉన్నంతసేపూ మైదా డబ్బా నా ముక్కుకి తగులుతూనే ఉంది.

అప్పట్లో మేము ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళం. ఈ అమ్మాయికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. పదిహేను తెలుగు కుటుంబాలం కలిసి నెలకొక ఆదివారం మధ్యాహ్నం పొట్లక్ పెట్టుకునేవాళ్ళం. ఇంటికొక వంటకం చేసుకొచ్చి అందరూ కలిసి తినడమే పొట్లక్ అని అమాయకులు అనుకుంటారు. అది కొలువు. సింహాసనం మీద పెద్దక్క. ఆవిడ మాలో ఎవరికీ అక్క కాదు, ఏ వైపు నుంచీ చుట్టం కాదు. ఇండియన్ షాపులో కరివేపాకు దొరకని కాలంలో అమెరికా వచ్చి బతికి బట్టకట్టిన మనిషి కాబట్టి ఆ బిరుదు దానంతటదే వచ్చి ఆవిడ మీద వాలింది. పొట్లక్‌కి పది రోజుల ముందు ఆవిడ ఒక ఎక్సెల్ షీట్ పంపేది. అందులో ఎవరు ఏం తేవాలో ఉంటుంది. అది చూస్తే మా సమాజంలో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో కొత్తగా వచ్చినవాడికి కూడా కళ్ళకు కట్టినట్టు తెలిసిపోయేది. పైన వెజిటబుల్ బిర్యానీ, దాని కింద గుత్తివంకాయ, ఆ తర్వాత పప్పు, సాంబారు, పెరుగన్నం. ఇంకా కిందికి దిగితే బ్రహ్మచారులు తెచ్చే చిప్స్, కూల్‌డ్రింకులు, ఐసు. ఐసుకి కూడా కింద, షీట్ అట్టడుగున, పేపర్ ప్లేట్లు. ఐసు తెచ్చినవాడికి కనీసం ఎండాకాలంలో కాస్త గౌరవం ఉంటుంది. పేపర్ ప్లేట్లు తెచ్చిన మనిషిని ఏ కాలంలోనూ ఎవరూ తలుచుకోరు.

ఇక నా హోదా. షీట్‌లో నాది స్వీట్ల వరస. పాలపొడితో గులాబ్‌జాములు చేసి తీసుకెళ్ళేదాన్ని. అవి నేల మీద పడితే టెన్నిస్ బంతుల్లా ఎగిరేవని మా ఆయన అనేవాడు, అది పచ్చి అబద్ధం, ఎగిరేవి కావు, దొర్లేవి. అయినా నా స్వీట్లకి వంక పెట్టే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే షీట్‌లో రాయని రెండో ఉద్యోగం కూడా నాదే. నవ్వించడం. ఎవరి చీర మీద, ఎవరి కారు మీద, ఎవరి మొగుడి బట్టతల మీద ఏ మాట అంటే పదిహేను కుటుంబాలూ పొట్ట పట్టుకుంటాయో నాకు పుట్టుకతో తెలుసు. నా నోట్లో పడకుండా ఉండటానికి జనం నా గులాబ్‌జాములు నోట్లో వేసుకునేవారు.

అలాంటి రోజుల్లో మా పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, భార్యతో సహా ఫ్రీమాంట్‌కి దిగాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఒక ప్రాజెక్టుకీ ఇంకో ప్రాజెక్టుకీ మధ్య నెలల తరబడి ఇంట్లో కూర్చునే రకం. ఆ ఊళ్ళో అద్దెలు తట్టుకోలేక ఒకాయన ఇంటి గరాజ్‌లో దిగారు. కారు దూరే షట్టర్ తీసేసి అక్కడ చెక్క గోడ కట్టి, ఒక మూల బాత్రూం, ఇంకో మూల రెండు ఎలక్ట్రిక్ బర్నర్లు పెట్టి దాన్ని స్టూడియో అన్నాడు ఇంటాయన. నేల మీద ఇంజన్ ఆయిల్ మరక ఒకటి భారతదేశ పటంలా ఉండేది. వదిన దాన్ని రుద్దీ రుద్దీ ఓడిపోయి చివరికి దాని మీద ముగ్గేసింది. శ్రీలంకతో సహా. ఆవిడది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. కారు లేదు, డ్రైవింగ్ రాదు. పొట్లక్ ఆదివారం ఒక్కటే ఆవిడ పట్టుచీర కట్టుకుని మనుషుల మధ్యకి వచ్చేది. మిగతా రోజులన్నీ ఆ గరాజ్‌లో, తన కంటే ముందు అక్కడ కాపురమున్న కారులాగే, తలుపు మూసుకుని ఉండేది.

మొదటి పొట్లక్‌కే ఆవిడ కాలు జారింది. పులిహోర తెచ్చింది. పులిహోర బ్రహ్మాండంగా ఉంది. కానీ తెచ్చింది పెరుగు డబ్బాలో. ఇక్కడ ప్రతి తెలుగింట్లోనూ ఖాళీ పెరుగు డబ్బాలు ముప్ఫైకి తక్కువుండవు, పెద్దక్క ఇంట్లో వందకి తక్కువుండవు. కారప్పొడి నుంచి సూదీ దారం దాకా అన్నీ వాటిలోనే ఉంటాయి. అయితే వాటిని నలుగురిలోకి తేకూడదన్నది రాజ్యాంగం. పాపం, కొత్త మనిషి, రాజ్యాంగం చదవలేదు. పెద్దక్క డబ్బా వైపు చూసింది, పులిహోర వైపు చూడలేదు. నేను ఊరుకోవాలిగా! "వదినా, మూత తీస్తే పులిహోర, మూత పెడితే పెరుగన్నం. ఒకే టిక్కెట్టు మీద రెండు," అన్నాను. ఇల్లు పెళ్ళున నవ్వింది. వదిన కూడా నవ్వింది, ఎందుకు నవ్వుతున్నామో అర్థమైన తర్వాత కూడా మానకుండా. మరుసటి నెల షీట్‌లో ఆవిడ పేరు పేపర్ ప్లేట్ల ఎదురుగా ఉంది. ఆ మరుసటి నెలా అదే. ఏడాదిన్నర అక్కణ్ణుంచి కదల్లేదు. చవక ప్లేట్లు తెచ్చినప్పుడు సాంబారు బరువుకి అవి వంగిపోతే, "ఈ ప్లేట్లకి మన అన్నయ్య ఉద్యోగానికున్నంత నడుం కూడా లేదు," అన్నాను. ఆ రోజు కూడా బాగా నవ్వారు.

ఒక రోజు వదిన మా ఇంటికి నడిచి వచ్చింది. రెండు మైళ్ళు. అమెరికాలో రెండు మైళ్ళు నడిచి ఇంకొకరింటికి వెళ్ళే మనిషిని చూస్తే కుక్కలు కూడా కంగారుపడతాయి. వచ్చి, మంచినీళ్ళు తాగి, చాలాసేపు మా అమ్మాయిని ముద్దు చేసి, అప్పుడు అసలు విషయం చెప్పింది. వచ్చే పొట్లక్ రోజే పెద్దక్కా వాళ్ళ పెళ్ళిరోజు, ఇరవై ఐదోది. పెద్దక్క గుడ్డు తినదు. గుడ్డు తిన్న మనిషి ఊదిన కొవ్వొత్తి పక్కన కూడా నిలబడదు. అందుకని అమెరికాలో ఇన్నేళ్ళుండీ ఒక్క ముక్క కేక్ నోట పెట్టలేదు. ప్రతి పెళ్ళిరోజుకీ రవ్వకేసరిని గుండ్రంగా పళ్ళెంలో పరిచి కత్తితో కోస్తుంది.

"గుడ్డు లేకుండా నేను చేస్తానమ్మాయ్. పెద్దక్క తినేలాగా," అంది వదిన. "ఒక్కసారి ఆవిడ తిని బాగుందంటే ఇంక నన్ను ప్లేట్ల దగ్గర పెట్టదు కదా?"

"ఓవెన్ లేదుగా వదినా నీకు?"

"ఆవిరి మీద చేస్తాను. నా చిన్న కుక్కర్‌లో గిన్నె పట్టదు. నీ పెద్దది ఇవ్వవా? మాంసం వండింది మాత్రం వద్దమ్మా. ఆవిడ తినాలి."

మా ఇంట్లో పెద్ద కుక్కర్లు రెండు. ఒకటి ఆదివారాల మటన్‌ది. లోపల నల్లగా, బయట సొట్టలతో, ఏదో యుద్ధం నుంచి తిరిగొచ్చినట్టుండేది. రెండోది మా అమ్మ సూట్‌కేసులో రెండు పట్టుచీరల మధ్య పెట్టి పంపింది. అట్టపెట్టె కూడా విప్పలేదు. ఆ కొత్తదే ఇచ్చాను. వదిన మా వంటింట్లోనే పెట్టె విప్పి, మూత మీద స్టిక్కర్ గోటితో పీకి, "కొత్త పెళ్ళికూతురిలాగుంది," అని దాన్ని చంకనెత్తుకుని రెండు మైళ్ళూ వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. కారులో దింపుతానని నేను అన్నాను. మరీ గట్టిగా అనలేదు.

ఆ తర్వాత పది రోజులూ ఆ గరాజ్‌లో జరిగిన ప్రయోగాలు అన్నయ్య నోటి మీదుగా నాకు చేరుతూనే ఉన్నాయి. కుక్కర్ అడుగున నీళ్ళు పోసి, అందులో చిన్న గిన్నె బోర్లించి, దాని మీద కేక్ గిన్నె పెట్టి, గాస్కెట్టూ విజిలూ తీసేసి మూత పెట్టాలి. మొదటి కేక్ మీద మూతకి పట్టిన ఆవిరంతా నీటి చుక్కలై కురిసింది. కేక్ కాస్తా మైదా జావ అయింది. అన్నయ్య దాన్ని గ్లాసులో పోసుకుని తాగాడని నేను అందరికీ చెప్పాను, నిజానికి చెంచాతోనే తిన్నాడు. రెండోసారి మూతకి లోపలి వైపు పంచె గుడ్డ చుట్టింది. ఆవిరిని గుడ్డ పీల్చుకుంది, కేక్ లేచింది, కానీ సోడా ఎక్కువై నాలుక మీద సబ్బు ముక్కలా తగిలింది. మూడోసారి మధ్యలో నీళ్ళు ఇగిరిపోయి అడుగంటే వాసన వస్తే ఇంటి యజమాని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో పరిగెత్తుకొచ్చాడు. నాలుగోసారి నుంచి పక్క బర్నర్ మీద వేణ్ణీళ్ళు సిద్ధంగా పెట్టుకుని, గంటసేపు కుర్చీ వేసుకుని దాని ఎదురుగా కూర్చునేది. ఉడికిందో లేదో చూడటానికి కాలిపోయిన అగరుబత్తి పుల్ల కడిగి ఆరబెట్టి గుచ్చేది. ఉడికింది, మెత్తగా వచ్చింది, ఇంక ఒకటే లోటు. ఆవిరి మీద చేసిన కేక్ ఎర్రబడదు కదా, జ్వరమొచ్చిన పిల్ల మొహంలా పాలిపోయి ఉంటుంది. దానికీ ఉపాయం పట్టింది. గిన్నె అడుగున పంచదార కరిగించి ముదురు గోధుమరంగు పాకం చేసి, దాని మీద పిండి పోసింది. ఉడికాక బోర్లిస్తే పాకం పైకొచ్చి, కేక్ నూనె రాసిన టేకు బల్లలా మెరిసింది. అంత పని చేసిన మనిషిని అమెరికాలో ఇంకేదైనా డిపార్ట్‌మెంట్‌లో అయితే పిలిచి ఉద్యోగమిచ్చేవారు. మాకు ఉన్నది పేపర్ ప్లేట్ల డిపార్ట్‌మెంట్ ఒక్కటే.

ఆ ఆదివారం వదిన కేక్‌ని స్టీలు పళ్ళెంలో, మీద తెల్లటి గుడ్డ కప్పి, ఎవరి కారులోనో ఒడిలో పెట్టుకుని పెద్దక్క ఇంటికి వచ్చింది. పేపర్ ప్లేట్లు కూడా మర్చిపోకుండా తెచ్చింది, అన్నయ్య చంకలో. గుడ్డ తీయగానే అందరి తలలూ అటు తిరిగాయి. పెద్దక్క ముక్కు పెట్టి వాసన చూసింది. గుడ్డు లేదని వదిన చేత దేవుడి గది వైపు తిరిగి చెప్పించింది. ఏ గిన్నెలో చేశావని అడిగితే వదిన నన్ను చూపించి, "మా ఆడపడుచు కొత్త కుక్కర్ ఇచ్చింది పెద్దక్కా," అంది గర్వంగా. అప్పుడు పెద్దక్క ఒక ముక్క తీసుకుంది. నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండో ముక్క తనే తీసుకుంది. పాతికేళ్ళు ఆగిన మనిషి తినడం చూడాలి మీరు. వేళ్ళు నాకింది, ఆవిడ వేళ్ళకి నాలుక తగలడం ఆ ఇంట్లో మొదటిసారి అయ్యుంటుంది. మూడో ముక్క నోట్లో ఉండగానే వదిన భుజం మీద చెయ్యి వేసి, "ఎన్నాళ్ళు దాచావే ఈ చేతిని! వచ్చే నెల నుంచి స్వీట్ నీదే," అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఏమే, నువ్వు ఇంక ప్లేట్లు తెద్దువుగానిలే. నీ గులాబ్‌జాములు తిని మా పళ్ళు కదిలిపోతున్నాయి," అంది.

పదిహేను కుటుంబాలూ నవ్వాయి. చాలా బాగా నవ్వాయి. ఆ ఇంట్లో అలాంటి నవ్వు నేను ఎన్నోసార్లు పుట్టించాను గానీ, అది నా మీదికి వస్తే ఎలా ఉంటుందో అంతవరకూ తెలియదు. వదిన కూడా నవ్వింది. ఏడాదిన్నరలో ఆవిడ తన మీద కాకుండా ఇంకొకరి మీద నవ్వడం అదే మొదలు, ఆ నవ్వులో ఏ పాపమూ లేదు. నాకు మాత్రం చెవుల దగ్గర వేడెక్కింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"బాగుండదూ మరి అక్కా! మా ఆదివారం మటన్ ఉడికే కుక్కర్‌లో కదా ఉడికింది. ఆ రుచి ఎక్కడికి పోతుంది?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది పెద్దక్కకే. నోట్లో ఉన్న మూడో ముక్క అరచేతిలోకి వచ్చేసింది. తర్వాత ఆవిడ బాత్రూంలోకి పరిగెత్తింది. తలుపు వేసుకునే తీరిక లేక వేసుకోలేదు కాబట్టి, ఆ తర్వాత వినిపించిన శబ్దాలను పదిహేను కుటుంబాలూ పంచుకున్నాయి. ఆవిడ భర్త పెళ్ళిరోజు శాలువా భుజం మీద ఉండగానే గ్లాసుతో నీళ్ళు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కొందరు చీర కొంగుల్లో మొహాలు దాచుకున్నారు, భుజాలు మాత్రం అదురుతున్నాయి. వదిన ఒక్కతే హాలు మధ్యలో కత్తి పట్టుకుని నిలబడి ఉంది, కేక్ కోసే ప్లాస్టిక్ కత్తి.

"కాదు పెద్దక్కా, అది కొత్తది, పెట్టె నేనే విప్పాను," అంది బాత్రూం వైపు చూస్తూ. తర్వాత నా వైపు తిరిగి, "చెప్పమ్మాయ్. చెప్పు," అంది.

అందరూ నన్ను చూశారు. పెద్దక్క కూడా మొహం కడుక్కుని, కళ్ళు ఎర్రగా, గుమ్మంలోకి వచ్చి నన్నే చూసింది. ఓ అర నిమిషం ఉంటుందేమో. ఆ అర నిమిషంలో 'జోక్ చేశాను, అది కొత్తదే' అంటే అయిపోయేది. మహా అయితే నన్ను తిట్టేవారు. ప్లేట్లు తెచ్చుకునేదాన్ని. కానీ అలా అంటే ఆ గదిలో మిగిలేది రెండే విషయాలు, వదిన కేకూ, నా అబద్ధమూ. నేను చేతులు తిప్పి, "అయ్యో, రెండు కుక్కర్లలో ఏది ఇచ్చానో నాకే గుర్తు లేదు వదినా," అన్నాను.

"తీసెయ్యండి దాన్ని," అంది పెద్దక్క.

ఎవరూ ముట్టుకోలేదు. సాయం చేసే మనిషిని కాబట్టి నేనే పళ్ళెం ఎత్తుకుని వెనక చెత్త డబ్బా దగ్గరికి తీసుకెళ్ళాను. సగం కేక్ ఇంకా కొయ్యకుండా ఉంది. పారేసే ముందు అటూ ఇటూ చూసి ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాను. ఏలకుల వాసన, పాకం చేదూ తీపీ కలిసి, లోపల దూదిలా మెత్తగా ఉంది. అంత మంచి కేక్ నేను అంతకు ముందు తినలేదు, ఆ తర్వాతా తినలేదు. ఇంకో ముక్క కూడా తిన్నాను. మిగతాది డబ్బాలో పడేసి, మూతి తుడుచుకుని లోపలికి వచ్చాను. వదిన ఖాళీ పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని గుడ్డతో తుడిచింది. ఆ రోజు అన్నాలు ఆవిడ తెచ్చిన ప్లేట్లలోనే తిన్నాం.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ రెండు మైళ్ళు నడిచి వచ్చింది. కుక్కర్ చింతపండుతో తోమినట్టుంది, అద్దంలా ఉంది. అట్టపెట్టెలో పెట్టి, గాస్కెట్టూ విజిలూ వేరే కాగితంలో చుట్టి, గ్యారంటీ కార్డు కూడా పైన పెట్టింది. పెద్ద గొడవ అవుతుందని నేను ముందే రెండు మూడు మంచి మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ వాడుకోనివ్వలేదు.

"ఎందుకన్నావమ్మాయ్ అలాగ?" అని మాత్రం అడిగింది.

"జోక్ వదినా. ఊరికే నవ్విద్దామని."

"నవ్వారా?"

"నవ్వారు."

"సరేలే అయితే," అని చెప్పులు వేసుకుంది. దింపుతానని ఈసారి గట్టిగానే అన్నాను. వినలేదు. వెళ్ళే ముందు మా అమ్మాయి బుగ్గ మీద అంటిన అన్నం మెతుకు తీసి వెళ్ళింది.

మరుసటి నెల షీట్‌లో ఆవిడ పేరు పేపర్ ప్లేట్ల ఎదురుగానే ఉంది. నా పేరు స్వీట్ల ఎదురుగా. అన్నయ్య ఒక్కడే వచ్చి ప్లేట్లు ఇచ్చి వెళ్ళిపోయాడు. మందంగా, అంచులు గట్టిగా ఉన్న ఖరీదైన ప్లేట్లు, సాంబారుకి వంగలేదు. ఆ తర్వాత నెలకి ఆ వరసలో కొత్తగా వచ్చిన స్టూడెంట్ కుర్రాడి పేరుంది. వదిన ఆ చెక్క గోడ వెనకాల ఇంకో తొమ్మిది నెలలుంది. నేను రెండుసార్లు ఫోన్ చేశాను, బాగానే మాట్లాడింది, ఆవకాయ పాళ్ళు కూడా చెప్పింది. తర్వాత అన్నయ్యకి ఇంకెక్కడో ప్రాజెక్టు దొరికి ఊరు మారారు. వెళ్ళిపోయే ప్రతి కుటుంబానికీ మేము పార్టీ ఇచ్చేవాళ్ళం, బిర్యానీతో సహా. వాళ్ళు వెళ్ళిన సంగతి మాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. వీడ్కోలు పార్టీలో వదిన మొహం చూసే పని తప్పించి, ఆ నాలుగు రోజులు మా వాళ్ళందరికీ చాలా ఉపకారం చేశాయి.

మరో రెండేళ్ళకి మేము ఫ్రీమాంట్ వదిలి ప్లేనోకి బయల్దేరాం. అట్టపెట్టెలు సర్దుతుంటే పెద్దక్క నాకు దారిలోకి పెరుగన్నం తెచ్చింది, పెరుగు డబ్బాలోనే. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, పైగా మళ్ళీ ఎప్పుడు కలుస్తామో తెలియదు. నాలో ఎక్కడో మిగిలి ఉన్న రవ్వంత మంచితనం అప్పుడు నిద్ర లేచింది. "అక్కా, ఆ రోజు కుక్కర్..." అని మొదలుపెట్టాను.

"కొత్తదే. తెలుసు," అంది పెద్దక్క, డబ్బాకి రబ్బరు బ్యాండు వేస్తూ. "ఆ సాయంత్రమే మీ వదిన ఫోన్ చేసి చెప్పింది. ఏడ్చింది కూడాను."

"మరి మీరేమన్నారు?"

"పోనీలేమ్మా అన్నాను. ఇంకేమనను? అంతమంది ముందు కక్కాను కదే. మళ్ళీ అందర్నీ పిలిచి, అనవసరంగా కక్కానర్రా అని చెప్పమంటావా?" డబ్బా నా చేతిలో పెట్టి, "నిజం చెప్పొద్దూ, నాకు ఇప్పటికీ ఆ కేక్ కలలోకి వస్తుంది," అంది.

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. ఇద్దరం సోఫా మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఇద్దరు దొంగలకి ఒకే పోలీసు కలలోకి వచ్చినట్టు, మాకు అంతకన్నా దగ్గరితనం ఎప్పుడూ కలగలేదు. ఆ నవ్వు అయిపోయాక, తప్పు మాదేనని ఫోన్ చేసి వదినకి ఎవరు చెబుతారన్న మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

రెండేళ్ళ క్రితం ఇక్కడి ఇండియన్ షాపులో వదిన మళ్ళీ కనిపించింది. వాళ్ళూ టెక్సాస్ వచ్చి చాలా కాలమైందిట, ఇక్కడికి నలభై నిమిషాల దూరంలోనే ఉంటారుట. బెండకాయల గుట్ట దగ్గర నిలబడి ఒక్కొక్కటీ కొస విరిచి చూసి సంచిలో వేసుకుంటోంది. జుట్టు చెవుల పక్కన నెరిసింది. కారు తాళాల గుత్తి వేలికి ఉంది. "ఏమ్మాయ్, బాగున్నావా? పాప ఏం చదువుతోంది?" అని నవ్వుతూ పలకరించింది. మాటల్లో ఎక్కడా ముల్లు లేదు. పావుగంట మాట్లాడుకున్నాం. అన్నయ్య మోకాళ్ళు, మా ఆయన షుగరు, ఈ షాపులో బెండకాయలు ముదురుగా ఉండటం. నా నాలుక చివర ఆ రోజు అనాల్సిన ఆ ఒక్క వాక్యం ఉంది. ప్రతి కామా దగ్గరా అది బయటికి రాబోయి, ఆగిపోయి, ఇంకో బెండకాయని విరిచింది. నేను ముదురువీ లేతవీ చూడకుండా రెండు పౌన్లు విరిచాను.

ఇంతలో ఆవిడతో వచ్చినావిడ, పక్కింటావిడ కాబోలు, ట్రాలీ తోసుకుంటూ వచ్చి నన్ను చూసి ఎవరన్నట్టు కనుబొమలెత్తింది.

"మా ఆడపడుచు," అంది వదిన నా చెయ్యి పట్టుకుని. "చాలా సరదా మనిషి. ఈవిడ ఉంటే అందరూ నవ్వుతూనే ఉంటారు."

ఆ మాట ఆవిడ ఎలా అందో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పొగిడినట్టే అంది. చెయ్యి కూడా మెత్తగానే పట్టుకుంది. పక్కింటావిడ నా వైపు ఆశగా చూసింది, ఏదో ఒకటి అంటానని, తను నవ్వుతానని. నేను బెండకాయల సంచికి ముడి వేశాను. వాళ్ళిద్దరూ బిల్లు కౌంటర్ వైపు వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం నాకు అర నిమిషం చాలకపోయింది. ఆ తర్వాత కాలం నాకు ఇన్నేళ్ళు ఇచ్చింది, ఏ ఏడాదీ తక్కువ చెయ్యకుండా, పన్నెండేసి నెలలూ లెక్కగా. అన్నీ వాడేసుకున్నాను, ఆ అర నిమిషం మాత్రం వాటిలో ఎక్కడా దొరకలేదు.